ముప్పై ఇండ్లకు ఒక్కటే పతా

పోలీసులు బడికి పంపిన గా ఫారం మా బిడ్డ సుగుణ బడిసంచిల అచ్చింది. ఇంట్ల ఎందరున్నరు, పద్దెనిమిదేండ్లు దాటినోళ్లెవ్వరు, ఇంట్ల లేనోళ్లు ఏడున్నరు, ఎప్పుడత్తరు, అస్తె ఎవలను కలుత్తరు. పిల్లలే నింపాల్నట, పిల్లలే సంతకం వెట్టాల్నట. ఏడో తరగతి పోరిని అడుగుడేందుల్లా? మాకు నోర్లు లేవా?

నేను బీడీలు చేస్కుంట ఉన్న. "అన్న భీమండిల ఉన్నడని రాసిన్నే అవ్వా" అన్నది. మంచిగ రాసినవు తియ్యి అన్న. నా కొడుకు రాజనర్సు భీమండిల లేడు. మొన్న వానకాలం అడివికి పోయి అన్నలల్ల కలిసిండు. గా ముచ్చట నాకు, నా పెనిమిటికి తప్ప ఎవలకు తెల్వది. సుగుణకు సుత చెప్పలే. చిన్నపిల్ల, బళ్లె నోరు జారుతదేమోనని భయం.

మా సిరిసిల్ల సాలోళ్ల వాడల ఇంటికొగలు బొంబాయి కాడి భీమండికి పోయి బట్ట నేసే సాంచెలు నడుపుతరు. ఆడ ఒక్క అర్రల పదిమంది, పగటి పాళోళ్లు లేస్తె రాత్రి పాళోళ్లు పంటరు. గా అర్రకు నంబరుండదు, పతా ఉండదు. చిట్టీ రాయాలంటె సాయన్న చాయ్ హోటల్ పేరు మీదనే రాయాలె. సాయన్న మా తంగళ్ళపల్లాయనే. అచ్చిన చిట్టీలన్ని బల్ల మీద వెడ్తడు, ఎవలది వాళ్లు తీస్కపోతరు. గందుకే బళ్లె ముప్పైమంది పిల్లలు ఒక్కటే పతా రాసిండ్రు.

గా కాయితాలు చూసి కొత్తగచ్చిన ఎస్సైకి కండ్లు తిరిగినయట. ముప్పైమంది పోరగాండ్లు ఒక్క హోటల్ల ఎట్లుంటరు, అది దళం అడ్డనే అన్నడట! నవ్వాల్నా ఏడ్వాల్నా? బడి పెద్దసారు రాజం సారు వాడకచ్చి చెప్పిండు.

"సత్తెవ్వా, సోమవారం తల్లులందరు బడికి రావాల్నట. కొడుకు ఫొటో ఒకటి, వాడు రాసిన చిట్టీ ఒకటి తేవాలె. తేనోళ్ల పేర్లు పక్కకు రాస్కుంటరట."

కోరుట్లల మా చెల్లె భూమవ్వ గట్లనే కొడుకు ఫొటో ఇచ్చింది. వాడు జగిత్యాల బస్టాండ్ల దిగంగనే ఫొటో చూసి పోలీసులు గుంజుకపోయిండ్రు. పదకొండు దినాలకు ఇడ్సిపెట్టిండ్రు. ఇప్పటికి వానికి కుడిచెయ్యి లేవది. ఏ పాపం ఎరుగనోనికే గట్ల చేస్తె, నా కొడుకునైతె ఇడుత్తరా? ఫొటో ఇస్తె నా చేతులతోని నేనే వాన్ని అప్పజెప్పినట్టు. ఇయ్యకపోతె వాడు భీమండిల లేడని ఒప్పుకున్నట్టు.

సోమవారం వట్టి చేతులతోని పోయిన. బడి వరండల తల్లులందరు కింద కూసున్నరు. ఎస్సై కుర్చీల కూసున్నడు, బల్ల మీద ఫారాల కట్ట. ముందుగాల నా పేరే పిలిసిండ్రు.

"ఫొటో ఏదమ్మా?" అన్నడు ఎస్సై.

"తేలే."

"ఉత్తరం?"

"అది సుత తేలే. ముందు మా పోరి రాసిన కాయితం నాకియ్యి."

ఎస్సై నవ్విండు. "అది గవర్నమెంటుది."

"బిడ్డ నాది. బిడ్డతోని ఇంటి గుట్టు రాయించుకునుడేం సర్కారు? చదువు చెప్పుమని తోలినం గని చాడీలు రాయించుమని కాదు. అడిగేదుంటె నన్నడుగు."

"అడుగుతున్నా. నీ కొడుకెక్కడున్నాడు?"

"చెప్ప."

గట్లనే నిలవడ్డ. కూసోలే.

గంతల కనకవ్వ లేసింది. మా పక్కింటామె. నల్లా నీళ్ల కాడ కొట్లాడుకొని మాకు యాడాదికెళ్లి మాటల్లేవు. ఆమె కొడుకు నిజంగ భీమండిలనే ఉన్నడు. వాని ఫొటో, చిట్టీ రెండు ఆమె చేతులనే ఉన్నయి. ఇచ్చి ఇంటికి పోతె అయిపాయె. ఇగ నా బతుకు బజార్ల వెడ్తది అనుకున్న.

ఆమె గా రెండు నడుముల చెక్కుకున్నది. "నేను సుత చెప్ప. మా పోరని కాయితం నాకియ్యి" అన్నది.

ఎనుక మల్లవ్వ లేసింది. నాగవ్వ లేసింది. ఆనెంక వరండ అంత లేసింది.

"అందర్నీ లోపలేస్తా!" అని ఒర్రిండు ఎస్సై.

"ఎయ్యి. మందికి అన్నం సుత నువ్వే వండు" అన్నది కనకవ్వ. గా భయంల సుత మస్తు నవ్వచ్చింది మాకు.

గప్పటిదాక తల వంచుకోని నిలవడ్డ రాజం సారు బల్ల కాడికచ్చి కట్ట దారం ఇప్పిండు. "పిల్లల రాతలు సార్. నేనే రాయించిన, నేనే ఇస్తున్న" అన్నడు. పేరు పిలుసుకుంట ఒక్కొక్కలకు పంచిండు. ఎస్సై కుర్చీని ఒక్క తన్ను తన్ని, "మళ్ళీ వస్తా" అని జీపెక్కిండు.

ఇంటికచ్చి గా కాయితం చింపి పొయ్యిల ఏసిన. సుగుణ చూస్తనే ఉన్నది. ఇగ దాసిపెట్టుడెందుకని దగ్గర కూసోవెట్టుకున్న.

"బిడ్డా, అన్న భీమండిల లేడే."

"నాకెర్కనే" అన్నది. "అన్న పోయిననాడే ఎర్క. నెత్తి నిమిరి, అవ్వను చూస్కో అని చెప్పి పోయిండు. గందుకే భీమండి అని రాసిన."

పన్నెండేండ్ల పోరి. అన్న పానం కోసం, మాకు సుత చెప్పకుంట, ఒక్కతే కూసోని సర్కారు కాయితం మీద అబద్ధం రాసింది. గన్ని దినాలు గా బరువు ఒక్కతే మోసింది. ఎస్సై మల్లత్తనన్నడు గద, రానియ్యి. గీ పోరితోని గిట్ల ఎందుకు రాయించినవురా అని నేనే వాన్ని అడుగుత.