రెండో సూదికి ముందు

అయినా ఒక కాలు కుంటుతూ కూడా ఈ నల్లకుక్క ఇంత సంబరంగా తోక ఊపుతుందేమిటి, జగిత్యాలలో ఈ రేకుల షెడ్డు కింద మా సృజన దాని ముందు గొంతుకూర్చుంది, పదేళ్ల పిల్ల, ఐదు నెలల తర్వాత ఇవాళే నవ్వింది, అమ్మా గిది మనింటికి అస్తదా అంటోంది, రోడ్ల మీద దెబ్బతిన్న కుక్కల్ని తెచ్చి సాకే శ్రీశైలం సూదులన్నీ అయినయి మేడం, కాలొక్కటే గట్లుంది, ఉరుకుట్ల మనల్నే ఓడగొడ్తది అంటున్నాడు, నాకేమో భయం, ఏ మురికి తిని పెరిగిందో, ఏ రోగం దాచుకుందో, కానీ జాతి చూసి తెచ్చుకున్నదాన్ని మాత్రం ఏం దక్కించుకున్నాం, కోరుట్లలో హబీబ్ ఇంట్లో తల్లి పక్కన పాలు తాగుతున్న ల్యాబ్రడార్ పిల్లను ఏరి తెచ్చాం, బంటి అని పేరు పెట్టాం, సిరిసిల్లలో మా ఇంట్లో పదహారు రోజులే ఉంది, చివరి మూడు రోజులూ నెత్తురు విరేచనాలు, సృజన దాన్ని ఒళ్లోంచి దించలేదు, గౌను ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోలేదు.

మీ ఇంట్ల ఇంతకుముందు కుక్క ఏమన్న సచ్చిందా మేడం, దేనితోని, అని శ్రీశైలం అడుగుతున్నాడు, నెత్తురు విరేచనాల పార్వో రోగమైతే ఆ పురుగు నెలలకొద్ది నేలల ఉంటదట, నేను నోరు తెరిచేలోపే సృజన అందుకుంది, కోరుట్ల హబీబ్ మోసం చేసిండన్నా, రోగం పిల్లను అంటగట్టిండు, అచ్చం నా మాటే, నా గొంతే, గల్లీ అంతా నేను చెప్పిన మాట, తల తిప్పుకున్నాను, బంటిని తెచ్చుకున్న రోజు హబీబ్ గేటు దాకా వచ్చి అక్కా, రెండో సూది పడేదాక నేల మీద దించకున్రి అన్నాడు, తలూపాను, వారం తిరక్కుండానే వీర్నపల్లి నుంచి మా అమ్మ భూమవ్వ ఫోను, ఇంట్లకు కొత్త పాణమచ్చినంక పోచమ్మకు చూపెట్టకుంటె ఎట్లనే, దిష్టి తాకదా, సృజన బడికి పోయిన పూట బంటిని చంకలో పెట్టుకుని పోయాను, పసుపునీళ్లు చల్లి దాన్ని గుడి చుట్టూ నడిపించాం, ఊరకుక్కలు నైవేద్యం మెతుకులు ఏరుకునే చోట అది ముక్కు ఆనించి వాసన చూస్తుంటే మా అమ్మ, చూడె అమ్మోరికి మొక్కుతుంది అంది, ఇద్దరం నవ్వాం.

అన్న అడుగుతుండు చెప్పమ్మా అంటోంది సృజన, కుక్క మెడ మీద చెయ్యి వేసి, నా మీద అంత నమ్మకంతో, దీన్ని తీసుకుపోవాలంటే ముందు ఆ పూట సంగతి ఈ పిల్లకు చెప్పాలి, హబీబ్ మాకు రోగపు పిల్లను ఇవ్వలేదు, బంటిని చంపింది నేను.