మినప్పప్పు కింద ప్రధానమంత్రి

నేను ఒక బిస్కెట్ డబ్బాని. కనకం ఇప్పుడు నాలోంచి గ్లాసుతో మినప్పప్పు తీసి గిన్నెలో పోస్తోంది. గ్లాసు ఇవాళ అడుగుదాకా దిగుతోంది. అక్కడ ఏముందో నాకు తెలుసు గనక కాస్త బెరుగ్గా ఉంది.

బర్మింగ్‌హామ్ దగ్గర ఒక రేకుల ఫ్యాక్టరీలో పుట్టాను. మూత మీద లండన్ పార్లమెంటు గడియారం అచ్చేశారు. దాని ముళ్ళు ఎప్పుడూ పదీ పది దగ్గరే. ఒక క్రిస్మస్‌కి పక్కింటి ముసలావిడ నన్ను కనకానికి ఇచ్చింది. వారంలో బిస్కెట్లు అయిపోయాయి. తెలుగింట్లో ఖాళీ డబ్బాని ఎవరు పారేస్తారు? పప్పు పోశారు. వుల్వర్‌హాంప్టన్‌లో ఆ వంటింటి అరలో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను.

కనకం భర్త వీరభద్రం రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. అయినా అందరికీ ఆయన మాస్టారే. ఉగాదినాడు ఊళ్ళో తెలుగువాళ్ళంతా వాళ్ళింట్లో చేరితే పంచాంగం చదివేది ఆయనే మరి. ఏడాదికి రాజెవరో, మంత్రెవరో అందులో ఉంటుంది. అక్కడి వానలూ పంటలూ ఇక్కడెవరికీ అక్కర్లేదు.

"మాస్టారూ, ఇక్కడి ప్రధానమంత్రి ఉంటాడా, ఊడతాడా?" అని మందుల షాపు పైడిరాజు మొదలుపెడతాడు, పచ్చడి నాకుతూనే.

"శనిగారు రాజైన ఏడాది కుర్చీ కాళ్ళు నాలుగూ గట్టిగా ఉండవయ్యా. అంతకుమించి ఇప్పుడు చెప్పను. రాసి పెట్టాను. వచ్చే ఉగాదికి తీద్దాం."

రాసి పెట్టిన చోటు నేనే. మళ్ళీ ఉగాదికి ఆయన అందరి ముందూ పప్పులో చెయ్యి పెట్టి కవరు తీస్తాడు. సరిగ్గా జరిగిందే అందులో ఉంటుంది. జనం దండాలు పెట్టినంత పని చేస్తారు. నాలో ఉండేవి నాలుగు కవర్లని వాళ్ళకి తెలియదు. ఒక్కోదాన్లో ఒక్కో జోస్యం. ప్రధాని ఉంటాడు. తానే దిగిపోతాడు. సొంత పార్టీవాళ్ళే దించేస్తారు. మధ్యలోనే ఎన్నికలొస్తాయి. చేతికి తెలిసేలా ఒక్కో కవరు మూల ఒక్కోలా మడుస్తాడు. టీవీలో సూటేసుకుని జోస్యం చెప్పేవాళ్ళకి ఆ శ్రమ కూడా లేదు. ఏడాది పోయాక వాళ్ళని అడిగేదెవరు?

ఇంత తెలివైన మనిషి తన గుట్టును భార్య రోజూ చెయ్యి పెట్టే డబ్బాలో దాచాడు.

మొన్న ఉగాదికి కనకం వంటింటి గుమ్మంలోంచి అడిగింది. "వీధి చివర లైబ్రరీని ఊరి కౌన్సిల్ వాళ్ళు మూసేస్తామంటున్నారు. ఉంటుందా పోతుందా, అది చెప్పండి."

"అంత చిన్న సంగతులు గ్రహాలు పట్టించుకోవే," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆవిడ ఇంగ్లీషు నేర్చుకున్నది ఆ లైబ్రరీలోనే. వారంలో బయటి మనుషులు ఆవిడ గొంతు వినేది మంగళవారం, అక్కడే. ఓటరుగా పేరు రాయించుకునే ఫారం కూడా అక్కడే నింపింది, ఆయనకి చెప్పకుండా. ఎవరు గెలిచేదీ ముందే తెలిసినవాడికి ఓటెందుకని మాస్టారు ఇరవయ్యారేళ్ళుగా పేరే రాయించుకోలేదు.

ఇవాళ కౌన్సిల్ ఎన్నిక. లైబ్రరీని ఉంచుతానని మళ్ళీ నిలబడ్డావిడ కిందటిసారి పదకొండు ఓట్లతో ఓడిపోయింది.

"ఏవండీ, ఈసారి ఆవిడ గెలుస్తుందంటారా?" అంది కనకం, పప్పు కొలుస్తూ.

"గెలవదు. కుజుడు బాగోలేడు." మాస్టారు పేపరులోంచి తల ఎత్తలేదు. "రాసి కూడా పెట్టాను."

కనకం గ్లాసు పక్కన పెట్టింది. మణికట్టుదాకా నాలో చెయ్యి దించి నాలుగు కవర్లూ తీసింది. పిండి దులిపింది. ఒక్కొక్కటీ చింపి, కాగితాలు ఆయన కాఫీ గ్లాసు పక్కన వరసగా పరిచింది.

"ఇందులో ఆవిడ పేరు లేదండీ," అంది.

మాస్టారు నాలుగు కాగితాల వంకా చూశాడు. పేపరు మడిచాడు.

"పైడిరాజుకి చెబుతావా ఏమిటి?"

కనకం చేతులు కడుక్కుంది. కోటు తొడుక్కుని, ఓటు వేసేచోట చూపించాల్సిన పాస్‌పోర్టు సంచిలో వేసుకుంది.

"కనకం. నిన్నే."

తొమ్మిదేళ్ళలో ఏనాడూ నా మూత పెట్టడం మరిచిపోని మనిషి, నన్ను తెరిచినట్టే వదిలేసి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.