నీరజ పెళ్ళిలో రెండు జాబితాలు

నీరజ పెళ్ళి శనివారం. తూర్పు కెనడాలోని సార్నియా నుంచి బయల్దేరిన పన్నెండు మంది గురువారం ఉదయానికే ఆ దేశం పడమటి వైపున్న ఒకనాగన్ లోయలో సరస్సు ఒడ్డునున్న లాడ్జికి చేరుకున్నారు. పెళ్ళికూతురి పెద్దమ్మ భ్రమరాంబ, ఆవిడ భర్త సీతారామారావు కూడా అందులో ఉన్నారు. గదిలో అడుగుపెట్టగానే మంచం మీద ఒక అట్టముక్క కనబడింది. పెళ్ళి లోపల ఈ రెండు రోజులూ ఎక్కడెక్కడ తిరగాలో నీరజ దాని మీద రాయించి పెట్టింది. గురువారం పొద్దున పడవ, మధ్యాహ్నం లావెండర్ పూల తోట. శుక్రవారం పొద్దున పాత రైలు దారి వెంట నడక, సాయంత్రం చెర్రీ తోట.

"ఎంత శ్రద్ధగా చేసిందో చూడు," అన్నాడు సీతారామారావు, టోపీ పెట్టుకుంటూ.

భ్రమరాంబకు శ్రద్ధ కనిపించలేదు. పెళ్ళికొడుకు తనీష్ వాళ్ళది సర్రీ. టిఫిన్ దగ్గర అతని మేనత్త చేతిలో అలాంటి అట్టే ఉంటే తొంగి చూసింది. అందులో గురువారం పొద్దున లావెండర్ తోట, మధ్యాహ్నం పడవ. శుక్రవారం పొద్దున చెర్రీ తోట, సాయంత్రం నడక. సార్నియా వాళ్ళు నీళ్ళ మీద ఉన్నప్పుడు సర్రీ వాళ్ళు తోటలో, సార్నియా వాళ్ళు తోటకు వెళ్ళేసరికి సర్రీ వాళ్ళు ఇంకెక్కడో. రాత్రి భోజనాలకు కూడా వాళ్ళకు ఆరున్నర, వీళ్ళకు ఎనిమిది.

"మనల్ని వాళ్ళతో మాట్లాడనివ్వకుండా చేస్తున్నారండీ," అంది పడవలో.

"పడవలో ఇరవై మందే పడతారు. అందుకని రెండు గ్రూపులు చేశారు."

"తోటలో ఎంతమంది పడతారు?"

అటు కొండల వరుసలు, ఇటు నీళ్ళు, ఒడ్డున ద్రాక్ష తోటలు. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. భ్రమరాంబ మాత్రం ఒడ్డున వెళ్తున్న సర్రీ వాళ్ళ తెల్ల వ్యాన్‌నే చూస్తూ కూర్చుంది. ఈ సంబంధం నీరజ తనకు తానే చూసుకుంది. బర్నబీలో ఇద్దరిదీ ఒకే ఆఫీసు. తనీష్ గురించి తెలిసింది అంతే. అతనికి ఇంతకుముందే పెళ్ళయిందేమో? ఆ మొదటి భార్య ఇక్కడికే వచ్చిందేమో?

దిగాక నీరజను పట్టుకుంది. "అమ్మా, రేపు పొద్దున నడక నావల్ల కాదు. నన్ను సర్రీ వాళ్ళతో పంపించెయ్."

నీరజ ముఖం ఒక్క క్షణం మారింది. "కుదరదు పెద్దమ్మా. వ్యాన్లు, లంచ్‌లు అన్నీ పేర్లతో బుక్ చేశాం. దారి చదునుగానే ఉంటుంది, మెల్లగా నడువు."

ఒక ముసలామె ఒక వ్యాన్ మారడానికి అంత కంగారు ఎందుకు?

ఆ సాయంత్రం బట్టలు ఆరేయడానికి వరండాలోకి వస్తే, కింద మెట్ల దగ్గర నీరజ ఫోన్లో మాట్లాడుతోంది. "రేపు పదింటికి పెద్దమ్మ వాళ్ళు నడకకి వెళ్ళిపోతారు. అప్పుడు ఆవిణ్ణి తోటకి తీసుకురా. పెద్దమ్మ కంట మాత్రం పడకూడదు, ప్లీజ్."

భ్రమరాంబ తడి చీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అనుకున్నంతా అయింది. నీరజకు తెలుసు. తెలిసే దాస్తోంది.

మర్నాడు నడక మొదలుపెట్టిన పావుగంటకే మోకాలు నొప్పి అంటూ ఆగిపోయింది. వ్యాన్ వెనకే విడిగా అద్దె కారులో వచ్చిన సీతారామారావు ఆమెను వెనక్కి తీసుకెళ్ళడానికి సిద్ధమయ్యాడు. కారెక్కాక చెప్పింది.

"లాడ్జికి కాదు. చెర్రీ తోటకి పోనివ్వండి."

"భ్రమరా, పెళ్ళి వాళ్ళది. వదిలెయ్."

"పిల్ల గొంతు కోస్తుంటే వదిలెయ్యమంటారా?"

తోటలో చెట్ల వరుసల మధ్య సర్రీ వాళ్ళు పళ్ళు కోస్తున్నారు. పిల్లలు నిచ్చెనలెక్కి అరుస్తున్నారు. భ్రమరాంబ వరుస తరువాత వరుస వెతుక్కుంటూ వెళ్ళింది. చివరి వరుసలో, బల్ల దగ్గర, నీరజ ఒకావిడ భుజం మీద తల ఆనించి కూర్చుని ఉంది. ఆవిడ చెర్రీల కాడలు తుంచి గిన్నెలో వేస్తోంది. అడుగుల చప్పుడుకు తలెత్తింది.

స్వర్ణకుమారి.

ఆరేళ్ళయింది చూసి. జుట్టు పూర్తిగా నెరిసింది. సార్నియాలో వృద్ధాశ్రమంలో నర్సుగా చేసేది. భ్రమరాంబ వాళ్ళకు సొంత ఇల్లు లేని రోజుల్లో నీరజ చదువుకోవడానికి వచ్చి, రెండేళ్ళు ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లోనే ఉంది. బస్సులు సరిగ్గా లేని ఊళ్ళో మంచులో రోజూ కాలేజీకి దింపి వచ్చింది కూడా ఆవిడే. భ్రమరాంబ గృహప్రవేశం రోజున బంగారు గాజుల జత కనబడకుండా పోయింది. "పడగ్గదిలోకి ఒంటరిగా వెళ్ళింది స్వర్ణకుమారి ఒక్కతే," అని భ్రమరాంబ ముగ్గురితో అంది. ఆ మాట ఊళ్ళో అందరి చెవినా పడింది. ఏడాది తిరక్కుండా స్వర్ణకుమారి ఇల్లు అమ్ముకుని సర్రీ వెళ్ళిపోయింది.

నీరజ గబుక్కున లేచింది. "పెద్దమ్మా, నువ్వు..."

"నువ్వు దాచింది ఈవిడనా?" అంది భ్రమరాంబ. "నా నుంచా?"

"ఆంటీ రానంది పెద్దమ్మా. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నువ్వున్న చోట ఉండనంది. మళ్ళీ నీది ఏదైనా కనబడకపోతే అని భయం. అందుకే ఈ లిస్టులన్నీ. పెళ్ళి మండపంలో వందమందిలో కలిసిపోతే ఫరవాలేదంది."

బల్ల మీద, పక్కన, ఎక్కడా స్వర్ణకుమారికి చేతిసంచి కూడా లేదు; ఎవరూ వేలెత్తి చూపకుండా ఖాళీ చేతులతో వచ్చింది. అది గమనించిన భ్రమరాంబ ఎదురు బెంచీ మీద కూలబడింది.

రెండు రోజులుగా కాపలా కాసింది ఎవరినో పట్టుకోవాలని. ఇక్కడ అందరూ కాపలా కాస్తున్నది తననే.

"గాజులు నెలకే దొరికాయి," అంది. "ఇంటినిండా జనమని నేనే మంచు బూట్లలో దోపాను. మరచిపోయాను."

వెనకే వచ్చి నిలబడ్డ సీతారామారావు, "దొరికాయా?" అన్నాడు. "నాకు చెప్పలేదేం?"

"ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? అప్పటికే ఆ మాట ఊరంతా పాకిపోయింది." స్వర్ణకుమారి వైపు తిరిగింది. "నన్ను క్షమించండి."

స్వర్ణకుమారి చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు. "నాకెందుకు చెప్తారు భ్రమరాంబ గారూ? నేను తియ్యలేదని నాకు తెలుసు కదా. తెలియనివాళ్ళకి చెప్పండి."

సార్నియా వాళ్ళ వ్యాన్ ఒంటిగంటకు లాడ్జికి తిరిగి వచ్చింది. నడిచిన దారి గురించీ, కింద కనబడిన సరస్సు గురించీ అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అన్నాలు వడ్డించుకునేదాకా భ్రమరాంబ ఆగింది. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి లేచి నిలబడింది. ఆ రోజు ఎవరితో ఏమందో, గాజులు ఎక్కడ దొరికాయో, ఎన్నేళ్ళు నోరు మూసుకుందో అంతా చెప్పింది.

చెప్పడం అయ్యాక, ఆ రోజు ఆమె మాట విన్న ముగ్గురిలో ఒకామె, రూప, కంచం పక్కకు జరిపింది. "ఊరొదిలి వెళ్ళేదాకా ఆవిణ్ణి ఒక్క పేరంటానికి పిలవలేదండీ మేం. మా అమ్మాయికి జ్వరం వస్తే రెండు రాత్రులు కూర్చున్న మనిషి."

సీతారామారావు మంచినీళ్ళ గ్లాసు భార్య ముందు పెట్టాడు గానీ ముఖం వైపు చూడలేదు. సాయంత్రం తోటకు వెళ్ళేటప్పుడు వ్యాన్‌లో భ్రమరాంబ పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది.

పెళ్ళిలో నీరజ స్వర్ణకుమారిని ముందు వరుసలో కూర్చోబెట్టింది. రూప వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళారు. అక్షింతలు వేయడానికి స్వర్ణకుమారి లేచినప్పుడు భ్రమరాంబ తన వంతు ఆపుకుని, ఆవిడ దిగేదాకా నిలబడింది. ఇద్దరూ పలకరించుకోలేదు.

ఆదివారం పొద్దున స్వర్ణకుమారి సర్రీ ప్రయాణమైంది. భ్రమరాంబ చెప్పుల్లేకుండానే కారు దగ్గరికి వెళ్ళింది.

"క్రిస్మస్‌కి సార్నియా రమ్మన్నారు రూప వాళ్ళు," అంది స్వర్ణకుమారి, సీటు బెల్టు పెట్టుకుంటూ. "రావాలో వద్దో ఇంకా అనుకోలేదు."

మా ఇంట్లో దిగండి అనే మాట భ్రమరాంబ నోటి దాకా వచ్చింది. అడిగే హక్కు ఇంకా రాలేదనిపించింది.

"దారి పొడుగునా కొండలే. జాగ్రత్తగా వెళ్ళండి," అంది.

స్వర్ణకుమారి ఒక్కసారి ఆమె వైపు తిన్నగా చూసి, తల ఊపింది. కారు ద్రాక్ష తోటల మలుపు తిరిగి కనబడకుండా పోయింది. భ్రమరాంబ వెనక్కి తిరిగేసరికి సీతారామారావు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "రా, కాఫీ చల్లారిపోతోంది," అన్నాడు.