నాలుగు వేళ్ల పొడుగు

తెల్లారకముందే అప్పలనరసమ్మ ఆముదం వెచ్చబెట్టి మనవరాలి కాళ్లకు రాస్తోంది. పిల్ల మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. మడమలు నేలకు ఆనవు. ముసలామె అరచేతులు చెరకు ఆకులకు కోసుకుపోయి గరుకుదేలి ఉన్నాయి.

"మామ్మా, గీసుకుంటంది," అంది కీర్తి.

"ఊరుకోయే గుంటా. రేపట్నించి డాక్టర్లు రాస్తారులే, మెత్తగా."

కీర్తి పుట్టగానే ఏడవలేదు. అప్పుడు మెదడుకు తగిలిన దెబ్బే ఇలా కాళ్లను బిగించేసిందని విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. ఇప్పుడు తొమ్మిదేళ్లు. మోకాళ్లు వంచి, మునివేళ్ల మీద, పడబోతున్నట్టే నడుస్తుంది. రేపు ఆపరేషను. బిగిసిన కండరాల కొసలు కొంచెం కోసి పొడుగు చేస్తారట. తరువాత కట్లు, బూట్లు, నెలల తరబడి కసరత్తు. పరుగెత్తలేకపోవచ్చు గానీ నిటారుగా నడుస్తుందన్నాడు.

అప్పలనరసమ్మ చాలాకాలం ఒప్పుకోలేదు. బతుకంతా చోడవరం చుట్టుపక్కల చెరకు కోసిన మనిషి. కోసింది అతకదని ఆమె నమ్మకం. "ఉన్న నడక కూడా పోతేనో?" అనేది. చివరికి కోడలు పైడితల్లి అంది: "కోసిన దుబ్బు మళ్లీ సిగురెయ్యదేటి అత్తా? అలా సిగురేసిన కార్శి తోటలు నువ్వు కొయ్యలేదా?"

ఆ మాటతో ముసలామె మెత్తబడింది. నిన్న అన్నం తింటూ, తనే "ఏటైనా సరే, తేదీ తప్పొద్దు," అంది.

నూనె రాయడం అయ్యాక, మంచు విడవకముందే చెరకు తోటలోకి దిగింది. మోపులు మోసి మోసి ఆమె ఎడమ భుజం కిందికి జారిపోయింది. వంగి మొదట్లో ఒక వేటు, లేచి మొవ్వు మీద ఒక వేటు. పొద్దెక్కేకొద్దీ వేటుకీ వేటుకీ మధ్య ఆగుతోంది.

రోజూ ఒక తిన్నని గెడ ఇంటికి పట్టుకెళ్లడం ఆమె అలవాటు. వాకరు పట్టుకోవాలంటే కీర్తికి సిగ్గు. చెరకు గెడ అయితే ఊతంగా పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తుంది. వెళ్లొస్తేనే అది తినాలి. పిల్లకు సరిపోయేలా గెడను తన నడుముకు ఆనించి, కొలిచి నరికేది మామ్మ.

"ఏటే, ఇయ్యాల పొడుగు ఉంచేసేవు? కళ్లు కనపడతన్నాయా?" అంది పక్క సాలులో కనకమహాలక్ష్మి.

"నాలుగు వేళ్లు ఎక్కువుంచేను. దాని మోకాళ్లు తిన్నగయితే మరి పొట్టిదైపోదేటి?"

"అబ్బో, అప్పుడే ఎదిగిపోయిందేటి నీ మనవరాలు!"

అప్పలనరసమ్మ నవ్వి మోపుకు చేరగిలబడింది. నీళ్లు కావాలంది. కనకమహాలక్ష్మి చెంబు తెచ్చేసరికి ఆమె తల పక్కకు వాలి ఉంది. గెడ ఒళ్లోనే ఉంది.

చీకటి పడకముందే దహనం అయిపోయింది. స్నానాలు చేసి వచ్చాక కొడుకు సత్యారావు గుమ్మంలో కూలబడ్డాడు.

"మైలలో గడప దాటితే ఊరు ఏటంటాది?" అన్నాడు భార్యతో.

"ఊరు ఈ పిల్లనెత్తుకుని తిరుగుద్దా? రేపెళ్లకపోతే మళ్లీ తేదీ ఎప్పుడిస్తారో. తప్పొద్దని అత్తే సెప్పింది కదా."

సత్యారావు తల్లి పడుకునే మూలకేసి చూశాడు. తెల్లవారుజామున తనే వీధిలోకి వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు, కూతుర్ని ఎత్తి కూర్చోబెట్టాడు, సంచి పైడితల్లి ఒళ్లో పెట్టాడు. కర్మలు చేయాల్సినవాడు కనుక తను ఆగిపోయాడు.

కీర్తి మెడ తిప్పి చూసింది. "మామ్మ గెడో?"

"వచ్చేక తిందువుగాని," అంది పైడితల్లి.

"నడిచేకే తినాలి."

"ఆఁ. నడిచేకే."

కట్లు విప్పేసరికి ఆ గెడ ఎండిపోతుందని ఎవరూ అనలేదు. ఆటో మలుపు తిరిగింది. కనకమహాలక్ష్మి తెచ్చి ఆనించిన చోటే, గుమ్మం పక్క గోడకు, పిల్లకు నాలుగు వేళ్లు పొడుగైన చెరకు గెడ నిలబడి ఉంది.