అడుగుకి అంగుళం

కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని కాబట్టి ఆవిడని ఆ మూడంతస్తుల భవనంలో అందరూ పళ్ళావిడ అనేవారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఆ పేరు విని, డజను అరటిపళ్ళు దొరుకుతాయేమోనని తలుపు తట్టిన సందర్భాలు రెండు మూడున్నాయి. "పళ్ళున్నాయి గానీ తినేవి కావండీ, తినడానికి పనికొచ్చేవి" అని ఆవిడ భర్త లోపల్నుంచే జవాబు చెప్పి, తన హాస్యానికి తనే పొంగిపోయేవాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తూ, తను మాత్రం లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవాడు.

పళ్ళావిడకి ఒక పిచ్చి ఉండేది. బొమ్మ ఇళ్ళు కట్టడం. పిల్లలు ఆడుకునే రకం కాదు. నిజం ఇంట్లో అడుగు ఉన్న చోట బొమ్మలో అంగుళం, అంతే కొలత, దానికి వెంట్రుకవాసి తేడా రాకూడదు. పంటిపుల్లలతో కుర్చీ కాళ్ళు, చిగుళ్ళకి వాడే గులాబిరంగు పొడితో పూలకుండీలు, గాజుపూసలతో తలుపు పిడులు. గోడలకి పళ్ళ అచ్చులు తీసే సుద్ద. ల్యాబులో అరిగిపోయాయని పారేసే సన్నటి పనిముట్లన్నీ ఆవిడ సంచీలో ఇంటికి చేరేవి. బొటనవేలి గోరంత పుస్తకానికి పన్నెండు పేజీలు కుట్టింది ఒకసారి.

"మన కుర్చీ కాలు ఊగుతోంది, మేకు కొట్టమంటే తీరిక లేదంటావు. దాని మనవరాలికి మాత్రం నాలుగు రోజులు నునుపు పెడతావు" అనేవాడు భర్త.

అలమరలో ఐదు ఇళ్ళున్నాయి. వాటిల్లో మనుషుల బొమ్మలు లేవు. ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే, "మనుషులొస్తే ఇల్లు చిందరవందర అయిపోతుంది" అనేది ఆవిడ. నవ్వకుండానే అనేది.

ఆ భర్తకి ఒక అక్క. వేరే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిన టీచరమ్మ. పెళ్ళి చేసుకోలేదు. మాట కత్తెరలాంటిది. చాలా ఏళ్ళ కిందట ఒకసారి తమ్ముడి ఇంటికి వచ్చినప్పుడు అలమర ముందు నిలబడి, "ఇంకా బొమ్మరిల్లు ఆటేనా అమ్మాయ్?" అంది. అప్పుడు వాళ్ళు పాత ఇంట్లో ఉండేవారు. ఇల్లు మారారు గానీ ఆ మాట పళ్ళావిడ మనసులోంచి మారలేదు.

ఆ వదినకి కంటిలో ఒత్తిడి జబ్బు వచ్చింది. మందులు వేసుకుంటూనే ఉంది. పక్కల నుంచి చీకటి దగ్గరికి జరుగుతూ వచ్చి, రెండేళ్ళలో మొత్తం కమ్మేసింది. అయినా ఆరు నెలలు ఒక్కతే నెట్టుకొచ్చింది. చివరికి కాలుతున్న ఇస్త్రీపెట్టె మీద అరచెయ్యి ఆనించేసరికి, తన ఇంటికి వచ్చెయ్యమని తమ్ముడు పట్టుబట్టాడు.

"వస్తాను" అంది ఆవిడ ఫోనులో. "కానీ ఒకటి. నేను ఎరగని ఇల్లది. బాత్రూముకి వెళ్ళాలన్నా ఒకరి చెయ్యి పట్టుకునే గతి నాకు పట్టించకు."

ఆ మాటకి జవాబు దొరక్క తమ్ముడు రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు అన్నం తింటూ పెళ్ళాంతో అన్నాడు: "ఎవరూ ఉండని ఇళ్ళు ఐదు కట్టావు. మనిల్లు ఒకటి కట్టరాదూ? అక్క చేత్తో తడిమి నేర్చుకుంటుంది. కుట్టుపని వేళ్ళు కదా అవి."

పళ్ళావిడ వెంటనే ఒప్పుకుంది. పని బాగుందనిపించింది.

ఇంట్లో ఒక హాలు, ఒక పడకగది, వంటగది, బాత్రూము. ఇవి కాక ఒక చిన్న గది. అది పళ్ళావిడ బల్ల వేసుకున్న గది. వదినకి ఇవ్వడానికి అదొక్కటే ఉంది. భర్త పాత లిఫ్టు లోపలి చెక్కపలకలు రెండు తెచ్చి, గదికి అడ్డంగా నిలబెట్టి బిగించాడు. చివర్లో మనిషి పట్టేంత సందు వదిలి తెర కట్టాడు. గుమ్మం వైపు నాలుగున్నర అడుగుల ముక్క వదినది. కిటికీ ఉన్న ముక్క బల్లది.

"బల్ల కిటికీ దగ్గరే ఉండాలండీ" అంది పళ్ళావిడ.

"ఉండనీలే. అక్కకి కిటికీతో పనేముంది ఇప్పుడు" అన్నాడాయన. ఇద్దరూ ఆ విషయం అక్కడితో వదిలేశారు.

మూడు వారాల్లో ఇల్లు తయారైంది. పైకప్పు లేదు. చెయ్యి సులువుగా దిగాలని గోడలు సగం ఎత్తే పెట్టింది. హాలు నేలకి ముఖమల్, బాత్రూముకి గరుకు కాగితం, వంటగదికి ప్లాస్టిక్ అట్ట అతికించింది, వేలు ఆనగానే ఎక్కడున్నదీ తెలిసేలాగా. స్విచ్చులకి గుండుసూది తలలు. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, చెప్పుల గూడు, అన్నీ కొలత ప్రకారం ఉన్నచోటే ఉన్నాయి.

చిన్న గది దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అడ్డుచెక్క పెడితే వదిన ముక్క ఎంతుంటుందో ఆవిడకి తెలుసు. పెట్టకుండా వదిలేసింది. తర్వాత చూడొచ్చులే అనుకుంది. మంచం తీసుకెళ్ళి కిటికీ పక్కన అతికించింది. పైగా ఆ కిటికీకి మిగతావాటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది. సన్నటి తీగతో బందులు చేసి, రెక్కలు తెరిచి మూసేలా అమర్చింది.

భర్త ఆ ఇంటిని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళి అక్కకి ఇచ్చి వచ్చాడు. అందులో అడ్డుచెక్క లేదని ఆయన గమనించాడు. గమనించి ఊరుకున్నాడు.

పదిహేను రోజులు వదిన ఆ ఇంటితోనే గడిపింది. రోజూ ఫోను చేసి అడిగేది. ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది? బాత్రూము గడప ఎంత ఎత్తు? ఒకరోజు, "నా గది కిటికీ రెక్కలు భలే కుదిరాయే అమ్మాయ్. పొద్దున లేవగానే ముందు అవే తెరుస్తున్నాను" అంది. మెచ్చుకోలు ఆవిడ నోట అరుదు. పళ్ళావిడ "ఊఁ" అని ఊరుకుంది.

ఆదివారం పొద్దున పది గంటలకి వదిన వచ్చింది. గుమ్మంలో తమ్ముడి చెయ్యి విడిపించుకుంది. చెప్పులు విడిచి గూట్లో పెట్టింది. సోఫా వీపు మీద వేలు ఆనిస్తూ నాలుగడుగులు వేసి, ఎడమకి తిరిగి, వంటగదిలోకి వెళ్ళి, ఫ్రిజ్ తెరిచి నీళ్ళ సీసా తీసుకుని తాగింది. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది. తమ్ముడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక నా గది" అంది వదిన. చకచకా వెళ్ళింది. గదిలో రెండో అడుగు వెయ్యగానే మోకాలు మంచం కోడుకి కొట్టుకుంది. అక్కడ మంచం ఉండకూడదు. రుద్దుకుని, చెయ్యి ముందుకి చాపింది. చెక్క తగిలింది. అరచేత్తో పైకీ కిందకీ నిమిరింది. వేలి ముడితో కొట్టి చూసింది.

"ఏంట్రా ఇది?"

"చెక్క అక్కా."

"చెక్కని తెలుస్తూనే ఉంది. కిటికీ ఏది?"

తమ్ముడు పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది.

"అవతల ఉంది వదినా" అంది చివరికి. "నా బల్ల ఉంది అక్కడ."

వదిన తడుముకుంటూ మంచం మీద కూర్చుంది. ఆ పూట అన్నం తిన్నదిగానీ, తర్వాత గదిలోంచి రావడానికి రెండుసార్లు గోడకి గుద్దుకుంది. పొద్దున్నంత ధీమాగా మళ్ళీ నడవలేదు.

మర్నాడు పళ్ళావిడ పనికి బయల్దేరుతుంటే వదిన పిలిచింది. బొమ్మ ఇల్లు ఒళ్ళో ఉంది.

"దీన్ని సరిచెయ్యి అమ్మాయ్. గది చిన్నదైతే చిన్నదని చెప్పు. ముప్ఫై ఏళ్ళు అద్దెగదుల్లోనే బతికాను, నాకేం కొత్త కాదు. కానీ నేనిప్పుడు దీన్ని నమ్మి అడుగేస్తున్నాను. ఇందులో ఒక్కచోట అబద్ధముందని తెలిశాక ఏ మూల చూసినా అనుమానమే. వంటగదిలోకి వెళ్ళాలన్నా కాలు ఆగిపోతోంది."

"అబద్ధమని కాదు వదినా…"

"మరేంటి?"

పళ్ళావిడ బస్సుకి వేళయిందని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు ల్యాబులో ఒక దవడ పన్ను రెండుసార్లు తప్పుగా అరగదీసింది. పక్క బల్ల అతను ఆశ్చర్యపోయాడు.

సాయంత్రం సన్నటి చెక్కముక్క కోసి, బొమ్మలో నాలుగున్నర అంగుళాల దగ్గర నిలబెట్టి చూసింది. మంచం ఇవతలికి పెట్టింది. పక్కన రెండు వేళ్ళు దూరేంత సందు మిగిలింది. అసలు గదిలో అదే సందులోంచి తను రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇంత చిన్నది చేసి చూస్తే, అది గదిలా లేదు. పెట్టె అరలా ఉంది. చెక్కని పావంగుళం అవతలికి జరిపితే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. జరిపింది కూడా. కాసేపు అలా చూసి, మళ్ళీ వెనక్కి తెచ్చి, ఉన్నచోటే బంక పెట్టి అతికించింది.

మర్నాడు వదిన దాన్ని చాలాసేపు తడిమింది. మంచం, సందు, చెక్క, తెర. చెక్క అవతల బల్ల. బల్ల వెనక కిటికీ.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది. తర్వాత మామూలుగా అడిగింది. "నువ్వు బల్ల దగ్గర కూర్చునేది ఎప్పుడూ?"

"సాయంత్రం ఏడింటికి వదినా. వంట అయ్యాక."

"అప్పటికి చీకటి పడుతుందిగా. దీపం పెట్టుకుంటావా?"

"పెట్టుకుంటాను. తలకి కట్టుకునే దీపం కూడా ఉంది."

"పగలో?"

"ల్యాబుకి వెళ్తాను కదా."

"ఆదివారం?"

"ఆదివారం బట్టలూ, ఇల్లు దులపడం…"

"అంటే పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆ కిటికీ దగ్గర ఎవరుంటున్నట్టు?"

పళ్ళావిడ కొంచెంసేపు ఆలోచించింది. "బల్ల" అంది.

పక్కన షూ లేసులు కట్టుకుంటున్న తమ్ముడు ఫక్కున నవ్వి, ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"నాకు చూపు లేదు కాబట్టి కిటికీ ఎందుకనుకున్నారు మీరిద్దరూ" అంది వదిన. గొంతులో కోపం లేదు, బట్ట కొలత చెబుతున్నట్టే ఉంది. "ఎండ మొహానికి తగిలితే తెల్లారిందని తెలుస్తుంది. కింద పాలబండి శబ్దం, స్కూలు పిల్లల గోల, వానొచ్చే ముందు గాలి. నాకు గడియారం అదే. ఇక్కడ ఈ చెక్కల మధ్య పడుకుంటే పొద్దో రాత్రో తెలియక చచ్చిపోతున్నాను."

"చెక్క తీసేస్తానక్కా" అన్నాడు తమ్ముడు.

"తియ్యకు. ఆవిడ బంక వాసన నాకెందుకు? చెక్క ఉండనీ. మంచం అటు, బల్ల ఇటు."

ఆ రోజు తమ్ముడు పనికి ఆలస్యంగా వెళ్ళాడు. బల్ల గుమ్మం వైపుకి వచ్చింది, మంచం కిటికీ కిందకి చేరింది. బొమ్మలోనూ మళ్ళీ మారింది. వదిన కిటికీ చువ్వల మీద మోచెయ్యి ఆనించుకుని కూర్చుని, వీధిలో ఎవరిదో స్కూటర్ ఎంతకీ స్టార్టు కాకపోవడం శ్రద్ధగా విన్నది.

దీంతో వదినా మరదళ్ళు పాలూ నీళ్ళలా కలిసిపోయారని చెప్పలేం. వదిన తన మంచానికి వెళ్ళాలంటే బల్ల పక్కనుంచే వెళ్ళాలి. ఒక సాయంత్రం అలా వెళ్తూ నేల మీదున్న పళ్ళెం తన్నేసింది. అందులో కొత్త బొమ్మ ఇంటి కప్పుకని ఆరబెట్టిన గోరంత పెంకులు రెండొందలు, నెల్లాళ్ళ కష్టం, గదంతా చెల్లాచెదురయ్యాయి.

"చూసుకుని నడవండి వదినా!" అని అరిచేసింది పళ్ళావిడ.

అన్నాక గానీ ఏమన్నదీ తెలియలేదు.

"చూడగలిగితే చూసుకునేదాన్నే" అంది వదిన. తర్వాత ఆవిడకే నవ్వొచ్చింది. "దారిలో పళ్ళెం పెట్టి నామీద అరుస్తావేమే? నీ బొమ్మలో ఇక్కడ పళ్ళెం ఉందా?"

"లేదు."

"మరి తప్పెవరిది?"

"నాదే" అంది పళ్ళావిడ, మోకాళ్ళ మీద కూర్చుని పెంకులు ఏరుకుంటూ. వదిన కూడా కింద కూర్చుని మంచం కింద చెయ్యి పెట్టి తడిమింది. పళ్ళావిడ కంటికి కనబడనివి పదిహేడు ఆవిడ వేళ్ళకి దొరికాయి. ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలయ్యాక ఆ ఇంట్లో మెలగడం ఇద్దరికీ కాస్త తేలికైంది.

రెండు నెలలయ్యాక వదిన బొమ్మలో మెట్లు కూడా కావాలంది. కింద గేటు దాకా, అక్కణ్ణుంచి వీధి చివర మందుల షాపు దాకా ఒక్కతే వెళ్ళాలని ఆవిడ కోరిక. ముందు మెట్లు.

పళ్ళావిడ ఒక ఆదివారం టేపు పట్టుకుని మూడంతస్తులూ దిగింది. మెట్లతో ఆగలేదు. రెండో అంతస్తు మలుపులో అద్దెవాళ్ళు ఎప్పుడూ గోడకి ఆనించి ఉంచే సైకిలు కొలిచింది. మొదటి అంతస్తులో మూత లేని చెత్తబుట్ట కొలిచింది. కిందనుంచి నాలుగో మెట్టుకి అంచు విరిగి ఉంటే, ఎంత విరిగిందో వేలు పెట్టి చూసింది. "ఏం కొలుస్తున్నారండీ?" అని అడిగినవాళ్ళకి "చెత్తబుట్ట" అని చెప్పింది. అన్నీ చేసింది. సైకిలు చెయ్యడానికే పది రోజులు పట్టింది. చక్రం ఊచలు అక్కర్లేదు, కానీ హ్యాండిలు ఎంత బయటికి పొడుచుకొస్తుందో అది మాత్రం ఉండాలి.

వదిన వారం రోజులు నేర్చుకుంది. ఒక పొద్దున, తోడు రావద్దని చెప్పి దిగింది. పళ్ళావిడ మూడో అంతస్తు పిట్టగోడ మీంచి వంగి చూస్తూ నిలబడింది.

పదకొండు మెట్లు. మలుపు. మళ్ళీ పదకొండు. రెండో అంతస్తు మలుపులో వదిన చెయ్యి చాపింది. గాల్లో తడిమింది. ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ చాపింది.

"సైకిలేదీ?" అంది పైకి మొహమెత్తి.

పళ్ళావిడ ఇంకా వంగి చూసింది. గోడ ఖాళీగా ఉంది.

"ఇవాళ తీసుకెళ్ళినట్టున్నారు వదినా."

"చెప్పాపెట్టకుండానా?" అంది వదిన చిరాగ్గా. గోడ మీద సైకిలు ఉండాల్సిన చోటు ఒకసారి నిమిరి, అటు తిరిగి, మెట్ల కమ్మీ పట్టుకుని కింది మెట్టు మీద కాలు పెట్టింది.