తలుపు కొట్టడం రానివాడు

ఆ ఇంట్లో తలుపులకు గడియలున్నాయి, తాళాలున్నాయి. అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. చిక్కల్లా ఇంటాయన తాళాలు బాగుచేసేవాడు కావడమే. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఓ సన్నటి ఉక్కు పుల్ల ఉంటుంది. మూసిన తలుపు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

పదహారేళ్ల కూతురు ఆ రోజు గదిలో తాళం వేసుకుని, అద్దం ముందు నిలబడి ఏడుస్తోంది. ఎందుకు ఏడవాలో ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా టిక్కుమంది. తలుపు తెరుచుకుంది.

నాన్న. కత్తెర కోసం వచ్చాడు.

కత్తెర ఇచ్చి, తాళం వేసి ఉంది కదా అని అడిగింది కూతురు.

"తాళమా? ఎక్కడ?" అంటూ ఆయన నిజంగానే వెతికాడు.

మర్నాడు పొద్దున యుద్ధం మొదలైంది.

"ఆ నీళ్ల గ్లాసు కాస్త ఇటిస్తారాండీ?"

తండ్రి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

కూతురు నెమ్మదిగా వివరించింది. పరాయివాళ్ల గదిలోకి ఎవరూ తలుపు కొట్టకుండా రారు. కాబట్టి ఇవాళ్టి నుంచి తను పరాయిది. ఈ ఇంట్లో అద్దెకుంటున్నట్టు లెక్క.

తల్లికి ఒళ్లు మండింది. ఆవిడ బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుంటుంది. పొద్దస్తమానం అండీ అండీ అని నోరు పడిపోయి, ఇంటికొచ్చేదే ‘నువ్వు’ అనిపించుకోవడానికి. ఇప్పుడు గుమ్మంలోనే కూతురు "వచ్చారా, కూర్చోండి" అంటూ ఎదురైంది. ఆవిడ అలవాటు కొద్దీ "ఎక్కడికెళ్లాలండీ?" అనేసింది. నా గదికండీ అని చెప్పి కూతురు వెళ్లిపోయింది.

ఓ సాయంత్రం కూతురు తండ్రిని "ఏమండీ" అని పిలిచింది. వంటింట్లోంచి తల్లి గరిటెతో సహా వచ్చింది.

"ఆ మాట నాది. నువ్వింకోటి చూసుకో."

"మరి ఆయన్నేమని పిలవమంటారండీ?"

తల్లి ఒక్క క్షణం ఆలోచించింది. "ఓనరుగారూ అను."

అదే కొంప ముంచింది. ఆ పిలుపు గోడ దాటి పక్కింటి దాకా వెళ్లింది. ఈ పిల్లను పుట్టిన రోజే చేతుల్లోకి తీసుకున్న పక్కింటావిడ వచ్చి, మీ ఇంట్లో అద్దెకున్న అమ్మాయి ఖాళీ చేస్తే గది మా తమ్ముడికివ్వండి అని అడిగింది. అది మా అమ్మాయండీ అని తండ్రి మొత్తుకున్నాడు.

"ఉండగా ఉండగా అద్దెవాళ్లు కూడా మనవాళ్లలాగే అయిపోతారు లెండి," అందావిడ సానుభూతిగా.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటావిడ తమ్ముడు పరుపు చుట్ట భుజాన వేసుకుని దిగాడు. గది చూస్తానన్నాడు.

కూతురు కిటికీలోంచి పరుపును చూసింది. తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవిని అందులోనే విరిచేసింది.

ఆ చప్పుడేమిటో తండ్రికి ఎవరూ చెప్పక్కర్లేదు. విరిగిన ముక్కల్ని ఆయన టీ తాగుతూ తీసేస్తాడు. చెయ్యి జేబులోకి పోయింది. పుల్ల బయటికొచ్చింది. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఓనరుగారూ," లోపలి నుంచి గొంతు వినిపించింది. "తీశారంటే నిజంగానే ఖాళీ చేస్తాను."

వెంటనే సంచి జిప్పు లాగిన చప్పుడు. ఆ గది కిటికీకి ఊచల్లేవు. దాటితే రోడ్డే.

పుల్ల తాళం దాకా వెళ్లి ఆగింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన తాళాన్ని వదిలి తలుపును చూశాడు. దానికి ఆకుపచ్చ రంగు వేసి ఉంది.

"తలుపు ఎలా కొడతారే?" అని భార్యను గుసగుసగా అడిగాడు.

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తమ్ముడే వేళ్లు మడిచి, గోడ మీద కొట్టి చూపించాడు. తండ్రి వెళ్లి వెళ్లి తాళం మీద కొట్టాడు. తమ్ముడు ఇంకాస్త పైన అన్నాడు. ఈసారి సరిగ్గా తగిలింది.

"ఎవరూ?"

సొంత ఇంట్లో ఆయన్ను ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. గొంతు సవరించుకున్నాడు.

"నేను... నాన్నని. లోపలికి రావచ్చాండీ?"

 లోపల జిప్పు మళ్లీ లాగిన చప్పుడైంది. వేసిందో తీసిందో తెలియలేదు.

"రేపు రా నాన్నా. వచ్చేటప్పుడు ఆ పుల్ల తెచ్చుకో."

తండ్రి లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. రానివ్వలేదా అని భార్య ఆదుర్దాగా అడిగింది.

"రండి అనలేదే. రా అంది," అంటూ ఆయన పుల్లను భార్య చేతిలో పెట్టి, తమ్ముడి వైపు తిరిగాడు. "గది ఖాళీ లేదు బాబూ."

తమ్ముడు పరుపు భుజానికెత్తుకున్నాడు.

"తెలుస్తోంది లెండి. ఓనరు మీరు, మీకే దొరకలేదు."