పక్కగీత

లారీ మీద ఇంకా నూట ఇరవై బస్తాలున్నాయి. బస్తాకు తొమ్మిది రూపాయలు. మధ్యాహ్నం లోపు దింపితే తప్ప ఆ రోజు కూలి గిట్టదు. సరిగ్గా అప్పుడే మిల్లు గుమాస్తా వచ్చి పని ఆపమన్నాడు. అందరూ పసుపు జెర్సీలు తొడుక్కుని స్కూలు గ్రౌండుకు రావాలట, సేటు మాటట. మిర్యాలగూడలో పోలింగుకు ఇంక మూడు రోజులే ఉంది. హమాలీలు గొణుక్కుంటూ లారీ దిగారు. జానయ్య ఒక్కడే గొణగలేదు. చెమట ఒంటి మీదే జెర్సీ లాక్కుని, వీపు మీద ఏడో నంబరు సరిగ్గా కనబడుతోందా అని పక్కవాణ్ణి అడిగాడు. మనిషికి నలభై ఆరేళ్లు, అభిమానానికి మాత్రం పదహారు దాటలేదు.

ఆ నంబరు దామోదర్‌ది. ఇరవై రెండేళ్ల కిందట సూర్యాపేటలో, కోదాడ జట్టుతో కబడ్డీ ఫైనల్. ఆఖరి కూతకు పోయిన దామోదర్ ఇద్దర్ని తాకి వెనక్కి వచ్చేశాడు. రెఫరీ పాయింట్లిచ్చాడు, జనం మైదానంలోకి దూకారు. అప్పుడు దామోదర్ తనంతట తానే చెయ్యెత్తి, తన మడమ పక్కగీత దాటిందని చెప్పాడు. అది ఎవరూ చూడలేదు. ఆట పోయింది. కోదాడవాళ్లే అతన్ని భుజాలకెత్తుకున్నారు. బస్సు కిరాయికి డబ్బుల్లేక లారీ ఎక్కి ఇల్లు చేరిన జానయ్య, ఆ ఓటమిని ఇన్నేళ్లూ గెలుపులాగే చెప్పుకున్నాడు.

దామోదర్ తర్వాత విశ్వేశ్వర్ సేటు మిల్లులో సూపర్‌వైజరయ్యాడు. ఈసారి వార్డు రిజర్వేషను మారి సేటు నిలబడే వీల్లేకపోయేసరికి, అతని తరఫున అభ్యర్థి కూడా అయ్యాడు. జెండాలు, జీపు, జెర్సీలు అన్నీ సేటువే. అది జానయ్యకు కనబడక కాదు, చూడబుద్ధి కాలేదు.

రెండు నెలల కింద ఆ మిల్లులోనే బస్తాల దొంతర కూలి తోటి హమాలీ నాగరాజు నడుము విరిగింది. అడుగు వరుసలు తడిసి మెత్తబడ్డాయని చెప్పినా, వాటి మీదే ఎక్కించమన్నారు. తాగొచ్చి గేటు బయట పడ్డాడని మిల్లువాళ్లు ఇప్పుడంటున్నారు. అప్పుడక్కడ ఉన్నది ఇద్దరే, దామోదరూ జానయ్యా. నాగరాజు భార్య కాటమ్మ లేబర్ ఆఫీసుకు పోతానంటే జానయ్యే ఆపాడు. ఎలక్షన్లు కానిమ్మన్నాడు, గెలిచాక దామోదరన్న ఉన్నదున్నట్టు చెబుతాడన్నాడు, సూర్యాపేట ఆటంతా ఆమెకు వినిపించాడు. బస్తాలు పడటం తాను కూడా చూశానని మాత్రం చెప్పలేదు. పని పోతుందన్న భయం ఆ అభిమానం చాటున హాయిగా దాక్కుంది.

గ్రౌండులో ముగ్గుతో కబడ్డీ గీతలు గీశారు. కాటమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి జానయ్య చేతిలో ఒక కాగితం పెట్టింది. పొద్దున సేటు మనుషులు ఇంటికొచ్చారట. నాగరాజు ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే ఇరవై వేలిస్తామన్నారట.

"నాకు సదువు రాదన్నా. ఏం రాసిండ్రో, ఎవల సంతకమో జర సూడు."

తాగి పడ్డానని రాసి ఉంది. కింద సాక్షి సంతకం. అది ఎవరిదో చదవాల్సిన పని లేదు. ఫైనల్ రోజు చొక్కా జేబు మీద దామోదర్‌తో పెట్టించుకున్న అదే సంతకం జానయ్య ట్రంకుపెట్టెలో ఇంకా భద్రంగా ఉంది.

మైకులో దామోదర్ ఆ పాత ఆటే చెబుతున్నాడు. ఎవరూ చూడకపోయినా చెయ్యెత్తిన మనిషినని, అలాంటివాడికే ఓటెయ్యమని అంటున్నాడు. జనం ఈలలు వేశారు. జానయ్య కాగితం పట్టుకుని ముగ్గు గీత దాకా నడిచాడు.

"అన్నా, నాగరాజు మీద బస్తాలు పడ్డనాడు మనిద్దరం ఆడనే ఉన్నం. ఆ ఫైనల్ దినం లెక్కనే ఇయ్యాల చెయ్యి లేపు."

దామోదర్ జీపులో కూర్చున్న సేటు వైపు చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి నవ్వాడు.

"మా జానయ్య పొద్దుగాల్నే ఏసుకున్నట్టున్నడు."

జనం గొల్లుమన్నారు. నాగరాజు మీద వేసిన మాటే ఇది. అంత సులువుగా తన మీదా పడింది. ఇన్నేళ్లూ ఈ మనిషి ఎత్తిన ఒక్క చేతిని చూసుకునే తాను బతికాడని, తన చేతిని మాత్రం ఏనాడూ ఎత్తలేదని జానయ్యకు సిగ్గేసింది. అతను చెయ్యెత్తాడు.

"తాగలే. నాగరాజు గూడ తాగలే. బస్తాలు మీద పడంగ నేన్ సూసిన. ఏ ఆఫీసులనన్న చెప్త."

నవ్వులు ఒక్కసారిగా ఆగలేదు, ముందు వరుసలో తగ్గాయంతే. పసుపు జెర్సీల్లో ఉన్న హమాలీలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గుమాస్తా దగ్గరికొచ్చి, రేపటినుంచి మిల్లుకు రావద్దని చెవిలో చెప్పాడు. కాటమ్మ కాగితాన్ని జానయ్య రెండో చేతిలోంచి తీసుకుని మడిచి కొంగున ముడేసుకుంది. ఎండకు, పొద్దుటినుంచి మోసిన బరువుకు భుజం గుంజుతోంది. జానయ్య చెయ్యి దించలేదు.